ఇన్ఫెక్షన్ పట్టిన పుండుకు జెల్ కట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

మానని పుండున్న మనిషికి రోజూ కట్టు మార్చేవాళ్లు, చీటీలో వెండి జెల్ అనో అయోడిన్ జెల్ అనో చూసి ఆలోచనలో పడ్డవాళ్లు, ఈ పదార్థాల మీద ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను హైడ్రోజెల్‌లు తయారుచేసే పరిశోధనలో ఉన్నాను, వైద్యం చెయ్యను. కాబట్టి పదార్థం ఎలా పనిచేస్తుందో వివరంగా చెబుతాను. మీ పుండుకు ఏది వాడాలన్నది మాత్రం దాన్ని కళ్లారా చూసిన డాక్టరో నర్సో తేల్చాలి.

హైడ్రోజెల్ అంటే ఏమిటి? ఆయింట్‌మెంట్‌కూ దీనికీ తేడా ఉందా?

చాలా ఉంది. ఆయింట్‌మెంట్ అంటే సాధారణంగా నూనె, మైనం లాంటి జిడ్డులో మందు కలిపి చేసేది. హైడ్రోజెల్‌లో ఆ జిడ్డు ఉండదు. నీటిని పట్టుకునే గుణమున్న పొడవాటి పాలిమర్ గొలుసుల్ని అక్కడక్కడా ముడి వేస్తే ఒక వల తయారవుతుంది. ఆ వల నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది గానీ, ముడులు ఉన్నాయి కాబట్టి కరిగిపోదు. డ్రెస్సింగ్‌గా వాడే జెల్ బరువులో చాలాసార్లు 70 నుంచి 90 శాతం దాకా నీళ్లే ఉంటాయి. అయినా జెల్ పలకను రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. చల్లగా తగులుతుంది, మెత్తగా వంగుతుంది, చుక్క కూడా కారదు.

1960లో ఒట్టో విఖ్తర్లే, ద్రహోస్లావ్ లీమ్ అనే ఇద్దరు చెక్ రసాయన శాస్త్రవేత్తలు శరీరానికి పడే ఇలాంటి జెల్‌ను ప్రకటించారు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు అందులోంచి వచ్చినవే. కంటి మీద నొప్పి లేకుండా కూర్చునే ఆ గుణమే పుండు మీదా పనికొస్తుంది.

ఇవి ముఖ్యంగా రెండు రూపాల్లో దొరుకుతాయి. ట్యూబులోంచి పిండే జెల్ గుంత పడ్డ పుండులోకి ఒదుగుతుంది. పలకలా వచ్చేది చదునైన గాయానికి నప్పుతుంది. జెల్ పట్టించిన గాజ్ గుడ్డలు కూడా ఉన్నాయి.

పుండును ఆరబెట్టాలి కదా, తడి జెల్ పెడితే ఇంకా చీము పట్టదా?

అందరికంటే పెద్దవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. గాలి తగిలితే పుండు ఆరుతుంది, ఆరితే మానుతుందని తరతరాలుగా నమ్మాం. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద పైపైన చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేశాడు, కొన్నిటిని పల్చటి పాలిథిన్ పొరతో కప్పాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది.

కారణం సూటిగానే ఉంది. కొత్త చర్మకణాలు అంచుల నుంచి మధ్యకు పాకుతూ వస్తాయి. పాకడానికి వాటికి తడి నేల కావాలి. పక్కు కట్టిన గాయంలో అవి గట్టి పక్కు కిందికి దిగి, తడి దొరికే లోతున దారి చేసుకుంటూ రావాలి. తడి ఉంటే పైపైనే వచ్చేస్తాయి.

అయితే తడి వేరు, నాననివ్వడం వేరు. రసి ఎక్కువగా కారే పుండు మీద నీళ్లు నిండిన జెల్ పెడితే చుట్టూ ఉన్న చర్మం నీళ్లలో నానిన వేలి కొసలా తెల్లగా ముడతలు పడి చివికిపోతుంది. అప్పుడు పుండు పెద్దదవుతుంది. పొడిగా ఉన్న పుండుకు తడినిచ్చే జెల్, కారే పుండుకు పీల్చుకునే పదార్థం కావాలి. ఈ ఒక్కటి తప్పితే లోపల ఎంత మంచి మందు ఉన్నా పని జరగదు.

పుండులో బ్యాక్టీరియా ఉందని రిపోర్టు వచ్చింది. అంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టేనా?

కాదు. తెరుచుకుని ఉన్న ఏ పుండులోనైనా బ్యాక్టీరియా ఉంటుంది. వచ్చి చేరడం ఒక దశ, కాపురం పెట్టడం ఇంకో దశ. శరీరం తట్టుకోలేనంతగా పెరిగి కణజాలాన్ని పాడుచేయడం మొదలైతే దాన్ని ఇన్ఫెక్షన్ అంటారు. గ్రాము కణజాలంలో లక్షకు మించి బ్యాక్టీరియా ఉంటే ఇన్ఫెక్షన్‌గా చూసే పాత లెక్క ఒకటుంది. కానీ ఏ జాతి బ్యాక్టీరియా, ఆ మనిషి రోగనిరోధక శక్తి ఎంత అన్నదాన్ని బట్టి ఆ గీత అటూ ఇటూ జరుగుతుంది. అందుకే రిపోర్టు కన్నా పుండును చూసే కళ్లకే విలువ ఎక్కువ.

ఎరుపు, వాపు, వేడి, సలుపు, చీము అందరికీ తెలిసిన గుర్తులు. వీటికంటే ముందు కనబడే చిన్న గుర్తులు కొన్ని ఉంటాయి. నిన్నటిదాకా గులాబీ రంగులో ఉన్న కొత్త కండ ముదురు ఎరుపుకు తిరిగి, ముట్టుకుంటే చాలు రక్తం చిమ్ముతుంది. రసి పెరుగుతుంది, వాసన మారుతుంది, తగ్గిన నొప్పి తిరగబెడుతుంది, రెండు వారాలుగా పుండు కొలత కదలదు. కట్టు మీద నీలం కలిసిన ఆకుపచ్చ మరక కనిపిస్తే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉందేమోనని అనుమానించాలి. ఆ రంగు అది వదిలే వర్ణద్రవ్యానిది.

ఎరుపు పుండు అంచు దాటి రెండు సెంటీమీటర్ల కన్నా ఎక్కువ పాకినా, ఎర్రటి గీతలు పైకి సాగినా, గజ్జల్లోనో చంకలోనో బిళ్లలు కట్టినా, చలిజ్వరం వచ్చినా ఇక జెల్ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

జెల్‌లో బ్యాక్టీరియాను చంపేది ఏమిటి?

చాలావరకు జెల్ ఒక బండి, మందు అందులో సరుకు. ఏ సరుకు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏది ఎందుకిచ్చారో కొంత అర్థమవుతుంది.

వెండి సంగతి ముందు చెబుతాను. లోహపు వెండి కాదు, దానిలోంచి విడుదలయ్యే వెండి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న వెండి పరమాణువులు పనిచేస్తాయి. బ్యాక్టీరియా ఎంజైముల్లోని గంధకపు భాగాలకు అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తాయి, కణపొరను దెబ్బతీస్తాయి. ఒకేసారి నాలుగు చోట్ల కొడతాయి కాబట్టి నిరోధకత రావడం కష్టం, అసాధ్యం మాత్రం కాదు. 1968లో చార్లెస్ ఫాక్స్ కాలిన గాయాలకు ప్రవేశపెట్టిన సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ దశాబ్దాల పాటు ఎన్నో ఆసుపత్రుల్లో మొదటి మందుగా ఉండేది. పైపై కాలిన గాయాల్లో అది మానే వేగాన్ని తగ్గిస్తుందని తర్వాత తేలుతూ రావడంతో ఇప్పుడు వెనక్కి తగ్గుతున్నారు. పుండు రసిలో ఉప్పు ఉంటుంది, అందులోని క్లోరైడ్ వెండి అయాన్లను పట్టుకుని తెల్లటి మడ్డిగా మార్చేస్తుంది. కాబట్టి డబ్బా మీద రాసిన వెండి అంతా పుండులో పనికి రాదు. ఎంత వెండి ఉందన్నది కాదు, ఎంత నిదానంగా ఎన్ని రోజులు విడుదలవుతుందన్నదే అసలు నైపుణ్యం. మా లాంటివాళ్ల పనంతా అక్కడే.

అయోడిన్ 1811 నుంచి మనకు తెలుసు. కాడెక్సోమర్ అనే పిండిపదార్థపు పూసల్లో 0.9 శాతం అయోడిన్ పట్టించి చేసే జెల్ నాకు ఇష్టమైన పదార్థం. ఆ పూసలు రసిని పీల్చుకుని ఉబ్బుతూ, ఉబ్బినకొద్దీ అయోడిన్‌ను వదులుతాయి. గోధుమ రంగు జెల్ తెల్లబడిందంటే మందు అయిపోయినట్టు. కట్టు ఎప్పుడు మార్చాలో కట్టే చెబుతుంది. థైరాయిడ్ జబ్బున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుకు చెప్పకుండా దీన్ని వాడకూడదు.

పీహెచ్ఎంబీ అనేది ధన విద్యుదావేశమున్న పాలిమర్, సాధారణంగా 0.1 శాతం గాఢతలో వస్తుంది. బ్యాక్టీరియా పొర మీద రుణావేశం ఉంటుంది కాబట్టి దానికి అతుక్కుని పొరను చీలుస్తుంది. మన కణాలకు దీనివల్ల జరిగే నష్టం తక్కువ. దీన్ని రుణావేశమున్న జెల్‌లో పెడితే మందూ జెల్లూ ఒకదాన్నొకటి పట్టేసుకుని మందు బయటికి రానే రాదు. అంటే జెల్‌నూ మందునూ జత కలిపేటప్పుడు జాతకాలు చూడాల్సిందే.

కైటోసాన్ విషయంలో బండే సరుకు. రొయ్యలు, పీతల పెంకుల్లోని కైటిన్ నుంచి తీస్తారు. రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుంది, బ్యాక్టీరియానూ అడ్డుకుంటుంది. కానీ దాని శక్తి ఆమ్ల వాతావరణంలోనే ఎక్కువ. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పిహెచ్ 6.5 దాటితే దాని మీది ఆవేశం బాగా తగ్గిపోతుంది, దీర్ఘకాలం మానని పుండ్లు తరచూ క్షారం వైపే ఉంటాయి. ఈ చిక్కు విప్పడానికే దాని రసాయన నిర్మాణం మార్చి, ఏ పిహెచ్‌లోనైనా ఆవేశం నిలిచే రకాలు తయారుచేస్తున్నారు.

వైద్యానికి శుద్ధిచేసిన తేనె కూడా జెల్ రూపంలో వస్తుంది. చక్కెర గాఢత, ఆమ్లత్వం, నిదానంగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి పనిచేస్తాయి.

కట్టు విప్పితే పసుపుపచ్చ జిగురు కనిపించింది. చీమేనా?

ఈ ఒక్క ప్రశ్నతో ఎంతమంది భయపడి ఉంటారో! చాలాసార్లు అది చీము కాదు, జెల్లే.

ఆల్జినేట్ కట్టునే తీసుకోండి. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం అది. పొట్లంలోంచి తీసినప్పుడు పొడి దూదిలా తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. అందులో గొలుసుల్ని ముడివేసి ఉంచేది కాల్షియం. పుండు రసిలో సోడియం ఉంటుంది. రసి తగలగానే సోడియం లోపలికి, కాల్షియం బయటికి మారుతూ ముడులు వదులవుతాయి. దూది పోగులు ఒక్కొక్కటే ఉబ్బి, పారదర్శకమై, చివరికి జారే ముద్దగా మారతాయి. రెండు రోజుల తర్వాత కట్టు విప్పితే కనిపించేది పసుపో లేత గోధుమో రంగున్న జిగట ముద్ద, కాస్త వాసనతో. చీములాగే ఉంటుంది.

తేల్చుకునే పద్ధతి ఒకటే. సెలైన్‌తో మెల్లగా కడగండి. ముద్ద పోయాక అడుగున పుండు శుభ్రంగా, గులాబీ రంగులో ఉండి, చుట్టూ ఎరుపు పెరగకపోతే కంగారు అక్కర్లేదు. కడిగాక కూడా చీము ఊరుతుంటే, వాసన పోకపోతే చూపించండి. వాసన గురించి నిర్ణయం ఎప్పుడూ కడిగిన తర్వాతే.

మందు ఎంత బలంగా ఉంటే అంత మంచిది కదా?

కాదు. ఈ మాట మొదటి ప్రపంచయుద్ధం నాటి గాయాల నుంచి నేర్చుకున్నదే. అప్పటికి పెన్సిలిన్ లేదు. దాన్ని తర్వాత 1928లో గుర్తించబోయే అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఫ్రాన్స్‌లోని బులోన్‌లో సైనికుల గాయాలు చూస్తున్నాడు. డాక్టర్లు గాయాల్లో గాఢమైన యాంటిసెప్టిక్‌లు పోస్తున్నారు, గాయాలు మాత్రం మానడం లేదు.

ఆయన ఒక గాజు గొట్టాన్ని కాల్చి మెత్తబరిచి, దాని గోడలోంచి ముళ్లలా బోలు కొనలు బయటికి లాగాడు. తూటా చీల్చిన గాయంలోని సందులకు అది నమూనా. అందులో బ్యాక్టీరియా ఉన్న ద్రవం నింపి, పారబోసి, యాంటిసెప్టిక్ నింపాడు. దాన్నీ పారబోసి శుభ్రమైన ద్రవం పోస్తే మర్నాటికి మళ్లీ బ్యాక్టీరియా నిండిపోయింది. ఆ ముళ్ల కొనల్లో దాక్కున్నవి చావలేదు. పైగా యాంటిసెప్టిక్‌లు బ్యాక్టీరియాకంటే ముందు తెల్లరక్తకణాలను చంపుతున్నాయని కూడా చూపించాడు. మనవైపు పోరాడే సైన్యాన్నే మనం కూల్చుకుంటున్నామన్నమాట.

ఇప్పుడు మేం తయారుచేసే ప్రతి జెల్‌కూ ఆ రెండు పరీక్షలూ ఉన్నాయి. మూలమూలకూ ఒదిగి చేరుతుందా? చేరిన చోట చర్మకణాల్ని, కొత్త కండను అల్లే ఫైబ్రోబ్లాస్టు కణాల్ని బతకనిస్తుందా? బ్యాక్టీరియాను నూటికి నూరుపాళ్లు చంపి కొత్త చర్మాన్ని కూడా రానివ్వని జెల్ నా దృష్టిలో విఫలమైన జెల్.

“99.9 శాతం బ్యాక్టీరియాను చంపుతుంది” అని రాసి ఉంది. ఇంకేం కావాలి?

లెక్క వేసి చూద్దాం. పది లక్షల బ్యాక్టీరియాలో 99.9 శాతం చస్తే వెయ్యి మిగులుతాయి. తిండి, వెచ్చదనం బాగా దొరికితే స్టఫిలోకాకస్ లాంటివి అరగంటకోసారి రెట్టింపు కాగలవు. వెయ్యి పది సార్లు రెట్టింపైతే మళ్లీ పది లక్షలు. అంటే ఐదు గంటలు. పుండులో అంత వేగం ఎప్పుడూ ఉండకపోవచ్చు గానీ, ఒకసారి చంపి ఊరుకునే మందుకూ రోజుల తరబడి కాపలా కాసే మందుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో సంగతి, ఆ అంకె ఎక్కడ కొలిచారు? తరచూ శుభ్రమైన ద్రవంలో తేలే బ్యాక్టీరియా మీద. పుండులో ప్రొటీన్లు, ఉప్పు, చచ్చిన కణజాలం ఉంటాయి, అవి మందును మింగేస్తాయి. విద్యార్థులకు నేను మొదట చెప్పేది, పరీక్షలో సీరం (రక్తంలోని ప్రొటీన్లున్న ద్రవభాగం) కలిపి మళ్లీ చూడమని. బ్యాక్టీరియాను పెంచే అగార్ పళ్లెం మీద జెల్ ముక్క చుట్టూ ఏర్పడే ఖాళీ వలయం చూసి కూడా మోసపోతుంటారు. వలయం పెద్దదంటే మందు వేగంగా బయటికి పారుతోందని అర్థం, రేపటికి మిగలకపోవచ్చు. మందును గొలుసుకే కట్టేసిన జెల్‌కు వలయమే రాదు, అయినా తనను తాకిన బ్యాక్టీరియాను చంపుతుంది. ఆ రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ విషయం మనసుకెక్కదు.

బయోఫిల్మ్ అంటే ఏమిటి? జెల్ దాన్ని తీసేస్తుందా?

బ్యాక్టీరియా ఒంటరిగా తిరిగేటప్పుడు బలహీనంగా ఉంటుంది. గుంపుగా ఒకచోట అతుక్కుని, చుట్టూ చక్కెరలు, ప్రొటీన్లు, డీఎన్ఏతో జిగట గోడ కట్టుకుంటే బయోఫిల్మ్ అవుతుంది. పళ్ల మీద గార కూడా అలాంటిదే. 2008లో వచ్చిన ఒక పరిశీలనలో దీర్ఘకాలపు పుండ్లలో 60 శాతంలో బయోఫిల్మ్ కనిపించింది, తాజా గాయాల్లో 6 శాతంలో మాత్రమే. లోపలి బ్యాక్టీరియా నిద్రావస్థలోకి జారుకుంటుంది కాబట్టి, పెరిగే కణాల మీద పనిచేసే మందులకు దొరకదు.

పైన జెల్ రాసినంత మాత్రాన ఆ గోడ కూలదు. చచ్చిన కణజాలాన్ని, జిగటను కత్తితోనో, క్యూరెట్ అనే గీకే పరికరంతోనో తీసెయ్యాలి. దీన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు, శిక్షణ ఉన్నవాళ్లే చెయ్యాలి. గీకిన తర్వాత మిగిలినవి ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ గోడ కట్టడం మొదలుపెడతాయి. యాంటీబ్యాక్టీరియల్ జెల్‌కు అసలు సమయం అదే. గోడ లేదు, శత్రువు బయట ఉన్నాడు. శుభ్రం చెయ్యని పుండు మీద ఖరీదైన జెల్ పెట్టడం కన్నా, బాగా శుభ్రం చేసిన పుండు మీద మామూలు జెల్ పెట్టడం మేలని గట్టిగా నమ్ముతాను.

యాంటీబయాటిక్ మాత్రలు మానేసి జెల్ ఒక్కటే వాడొచ్చా?

ఇన్ఫెక్షన్ పుండు వరకే ఉండి, చుట్టూ పాకకపోతే పైపూత యాంటిసెప్టిక్‌తో సరిపెట్టడం మామూలే. కణజాలంలోకి పాకితే మందు రక్తంలోంచి రావాలి, జెల్ అంత లోతుకు వెళ్లదు. ఇచ్చిన కోర్సును సొంతంగా ఆపకండి.

అదే సమయంలో, మాత్రలో ఇచ్చే యాంటీబయాటిక్‌నే జెల్‌లో కలిపి పుండు మీద రాయడం మంచి అలవాటు కాదు. పుండులో గాఢత ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండి, తక్కువ ఉన్నచోట నిరోధకత పెరుగుతుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు నిరోధకత పెంచుకున్న బ్యాక్టీరియా నేరుగా కారణమైందని అంచనా. చాలామంది నిపుణులు పుండు మీద వెండి, అయోడిన్, పీహెచ్ఎంబీ లాంటి యాంటిసెప్టిక్‌ల వైపు మొగ్గేది అందుకే.

షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండుకు ఇవి పనిచేస్తాయా?

ఇక్కడ ఆశ పెట్టే మాట చెప్పలేను. డయాబెటిక్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో, పుండు మాన్పడం కోసమని యాంటిసెప్టిక్ డ్రెస్సింగ్‌లు వాడొద్దనే చెప్పింది. వాటివల్ల త్వరగా మానుతుందనడానికి తగిన ఆధారం దొరకలేదు. జెల్ తయారుచేసే మనిషిగా ఇది రాయడం కష్టంగానే ఉంది, అయినా నిజం ఇదే.

ఆ పుండు మానకపోవడానికి అసలు కారణాలు వేరే. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు, నడిచిన ప్రతి అడుగూ పుండునే నొక్కుతుంది. రక్తనాళాలు పూడుకుపోతే మందూ, తెల్లకణాలూ, ప్రాణవాయువూ అక్కడికి చేరవు. పాదం మీద బరువు తీసెయ్యడం, రక్తప్రసరణ పరీక్ష, షుగర్ అదుపు, చచ్చిన కండ తీసెయ్యడం, ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందేమో చూడటం ముందు జరగాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ పుండుకు రాయొచ్చా? సీసాలో తేనె?

రెండూ వద్దు. శానిటైజర్‌లో ఉండేది ఎక్కువగా ఆల్కహాల్, అది కొత్త కణాల్ని చంపేస్తుంది, మంట సంగతి సరేసరి. పేరులో జెల్ ఉండటం తప్ప దానికీ దీనికీ చుట్టరికం లేదు. తినే తేనెలో క్లాస్ట్రీడియం లాంటి బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధిచేస్తారు.

జెల్ పెట్టకూడని పుండ్లు ఉన్నాయా?

రక్తప్రసరణ లేక ఎండి నల్లగా గట్టిపడిన వేలుంటే దాన్ని తడపకూడదు. పొడిగా ఉన్నంతకాలం అది ఒక మూత, తడిస్తే కుళ్లు మొదలవుతుంది. విపరీతంగా రసి కారే పుండుకు నీటి జెల్ వద్దు. లోతు తెలియని సన్నటి రంధ్రంలోకి జెల్ పిండితే తిరిగి బయటికి తీయలేం. జెల్‌లోని ఏ పదార్థానికైనా ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి, పెంకు జలచరాల ఎలర్జీ ఉన్నవాళ్లు కైటోసాన్ విషయంలో తప్పక అడగండి.

పెట్టే పద్ధతి ఏమిటి? ఎన్ని రోజులకోసారి మార్చాలి?

చేతులు కడుక్కోండి. పాత జెల్ అంతా పోయేదాకా సెలైన్‌తోనో, నర్సు చెప్పిన ద్రవంతోనో కడగండి. చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని అద్దినట్టు ఆరబెట్టండి. ట్యూబు మూతి పుండుకు తాకనివ్వకండి, తాకితే ఆ ట్యూబు మళ్లీ వాడకండి. జెల్ పుండులోనే ఉండాలి, అంచు దాటి పారకూడదు. గుంతను కూరికూరి నింపొద్దు, ఉబ్బడానికి చోటుండాలి. పైన ఇంకో కట్టు తప్పనిసరి, లేకపోతే నీరంతా ఆవిరై జెల్ రేకులా ఎండుతుంది. ఎండిన జెల్‌ను లాగితే దానితోపాటు కొత్త చర్మమూ ఊడొస్తుంది. తడిపి, నాననిచ్చి తియ్యండి.

సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులకు మారుస్తారు, పొట్లం మీద రాసిన దాన్ని బట్టి ఇంకొన్నాళ్లు ఉండేవీ ఉన్నాయి. కట్టు తడిసి పైకి ఊరితే గడువుతో పని లేదు, మార్చెయ్యాలి. కొన్ని రకాల వెండి డ్రెస్సింగ్‌లను సెలైన్‌తో కాకుండా శుద్ధజలంతో తడపమంటారు, కారణం పైన చెప్పిన క్లోరైడే. చచ్చిన కండను కరిగించే ఎంజైమ్ ఆయింట్‌మెంట్ వాడుతుంటే వెండి, అయోడిన్ జతచేయొద్దు, ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. రెండు మందులు ఇద్దరు డాక్టర్లు రాసినప్పుడు ఇలాంటివి జరుగుతుంటాయి, అడగడానికి మొహమాటపడకండి.

వార్తల్లో వచ్చే “స్మార్ట్ జెల్‌లు” ఎప్పుడొస్తాయి?

తెగితే తనంతట తాను అతుక్కునే జెల్‌లు, ఆమ్లత్వం మారితే మందు వదిలేవి, పరారుణ కాంతి వేస్తే వేడెక్కి బ్యాక్టీరియాను చంపేవి, బ్యాక్టీరియాను తినే ఫేజ్ వైరస్‌లను మోసేవి, అన్నీ ల్యాబుల్లో ఉన్నాయి. అందంగా పనిచేస్తాయి కూడా. అయితే ఆ ఫొటోల్లో ఎక్కువగా ఉండేది ఎలుక వీపు. ఎలుక చర్మం కింద పల్చటి కండర పొర ఉంటుంది, గాయాన్ని అది సంచి మూతిలా దగ్గరకు లాగేస్తుంది. మన చర్మం అలా ముడుచుకోదు, కొత్త కండ, చర్మం పెరిగి నిండాలి. అందుకే మంచి ప్రయోగాల్లో గాయం చుట్టూ సిలికాన్ ఉంగరం కుట్టి ముడుచుకోకుండా ఆపుతారు. ఇకపై ఇలాంటి వార్త చదివితే ఆ ఉంగరం ఉందో లేదో చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు ఎలుకకూ, ఏళ్ల తరబడి షుగర్ ఉన్న మనిషికీ ఉన్న దూరం ఎలాగూ ఉంది.

పిహెచ్ విషయంలో నాకో అభ్యంతరం కూడా ఉంది. ఇన్ఫెక్షన్ పట్టిన పుండు ఆమ్లంగా ఉంటుందని అనుకుని చాలా జెల్‌లు రూపొందిస్తున్నారు. బయోఫిల్మ్ లోపల చిన్న చిన్న చోట్ల అది నిజం కావచ్చు, కానీ మానని పుండు ఉపరితలం మీద కొలిస్తే తరచూ 7 కంటే ఎక్కువే వస్తుంది. తలుపు తెరుచుకునే తాళం చెవి అక్కడ లేకపోతే లోపలున్న మందుకు అర్థమేముంది?

కప్ప మందు కథ కూడా గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ చేసి శుభ్రం లేని నీళ్లలో వదిలినా ఆఫ్రికా గోళ్ల కప్పల గాయాలకు చీము పట్టకపోవడం చూసి, 1987లో మైకేల్ జాస్లాఫ్ వాటి చర్మంలో మెగైనిన్లు అనే పెప్టైడ్‌లను, అంటే ప్రొటీన్ లాంటి చిన్న గొలుసులను కనుగొన్నాడు. వాటి ఆధారంగా చేసిన పెక్సిగనాన్ క్రీమ్ డయాబెటిక్ కాలి పుండ్లకు వస్తుందని అందరూ ఎదురుచూశారు. 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని అనుమతించలేదు. మళ్లీ జరిపిన పెద్ద ప్రయోగాల్లో, 2016 నాటికి, మందు లేని క్రీమ్ కంటే అది మెరుగ్గా పనిచెయ్యలేదని తేలింది. ల్యాబులో ఆ పెప్టైడ్ బ్యాక్టీరియాను చంపుతుందన్నది నిజమే, ఇప్పటికీ నిజమే.

యాంటీబ్యాక్టీరియల్ జెల్ ఎన్నాళ్లు వాడాలి?

పుండ్ల నిపుణులు పాటించే ఒక లెక్క రెండు వారాలు. రెండు వారాలు వాడి ఆగి చూస్తారు. ఇన్ఫెక్షన్ గుర్తులు పోతే మందు లేని మామూలు జెల్‌కో వేరే కట్టుకో మారుస్తారు, కొత్త చర్మానికి ఇక వెండితో పని లేదు. కొంత తగ్గి ఇంకా గుర్తులుంటే కొనసాగిస్తారు. ఏమాత్రం మారకపోతే జెల్ మార్చి ఊరుకోకుండా మొదటి నుంచి మళ్లీ చూస్తారు: రక్తప్రసరణ, ఎముక, లోపల మిగిలిన నలుసు, పోషణ.

ఇంట్లో మీరు చెయ్యగలిగింది కొలవడం. వారానికోసారి, కడిగిన తర్వాత, పక్కన స్కేలు పెట్టి ఒకే వెలుతురులో ఫొటో తియ్యండి. పొడవు, వెడల్పు తారీకుతో రాసుకోండి. డయాబెటిక్ కాలి పుండు విస్తీర్ణం నాలుగు వారాల్లో సగం తగ్గకపోతే ఇప్పటి వైద్యంతో మానే అవకాశం తక్కువని పరిశీలనలు చెబుతున్నాయి, ఆ ఫొటోలు చూపించి అడగండి. నెలల తరబడి మానకుండా, అంచులు పైకి చుట్టుకుని గట్టిపడుతున్న పుండు ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షించమని కోరండి. అరుదుగానే అయినా, పాత పుండులో క్యాన్సర్ మొదలవడం ఉంది, ఏ జెల్ కిందా అది మానదు.